పగడాల గట్టు అవతల మా మావయ్య

మా మావయ్య గొంతు చిన్నది. రాజకీయాల్లోకి దిగిన మనిషికి, అందులోనూ మా సమోవాలో, ఇంతకంటే పెద్ద లోటు లేదు. మా దగ్గర కాలు లేనివాడు దోనె నడపవచ్చు, కన్ను లేనివాడు చాప అల్లవచ్చు. గొంతు లేనివాడు మాత్రం నలుగురిలో నిలబడకూడదు. పైగా ఆయన మనిషి కూడా పొట్టి. పార్లమెంటులో మొదటిసారి మాట్లాడిన రోజున వెనక వరసలోంచి ఎవరో "లేచి మాట్లాడవయ్యా!" అని అరిచారు. "లేచే ఉన్నానండీ" అన్నాడు మావయ్య. సభంతా విరగబడి నవ్వింది. ఆ నవ్వు రేడియోలో మా ఊరిదాకా వినిపించింది.

మా ఊరు వైటోఫా. సవాయి దీవికి పడమటి కొసన ఉంటుంది. మావయ్య పేరు పెనాయియా. మౌగాటై అనేది వాళ్ళ ఇంటి బిరుదు. బిరుదు ఉన్న పెద్దలే ఎన్నికల్లో నిలబడాలి, అప్పట్లో ఓటు హక్కు కూడా వాళ్ళదే. ఊళ్ళో మొత్తం ముప్ఫై తొమ్మిది మంది పెద్దలు. వాళ్ళందరిలోకీ పెద్ద మా నాన్న టోలువై.

మావయ్యను రాజకీయాల్లోకి లాగింది మా నాన్నే. ఆయన అంతకుముందు పాతికేళ్ళు భూముల కోర్టులో గుమాస్తాగా చేశాడు. ఏ కుటుంబానికి ఏ కొబ్బరితోటలో ఎంత హక్కుందో, ఎవరి ముత్తవ్వ ఎవరికి ఏ గట్టు ఇచ్చిందో ఆయనకు నోటికి వచ్చు. "చదువుకున్నవాడు, నెమ్మదస్తుడు, పైగా నా బావమరిది. చెప్పినమాట వింటాడు" అని నాన్న సభలో పెద్దలకు నచ్చజెప్పాడు. ముప్ఫై ఎనిమిది ఓట్లు పడ్డాయి. పడని ఒక్కటీ మావయ్యదే. తనకు తాను వేసుకోవడం మర్యాద కాదని ఎదుటివాడికి వేశాడు.

రెండేళ్ళు నెమ్మదిగానే గడిచాయి. ఆ తరవాత భూముల బిల్లు వచ్చింది.

మా నేలలు ఒకడి సొత్తు కావు. ఇంటిల్లిపాదివీ, పోయినవాళ్ళవీ, పుట్టబోయేవాళ్ళవీ కూడా. బిరుదు మోసే పెద్ద వాటికి కాపలాదారు. కొత్త బిల్లు ప్రకారం ఆ పెద్ద ఒక్కడు సంతకం పెడితే చాలు, అరవై ఏళ్ళపాటు ఆ నేలను బయటి కంపెనీకి కౌలుకిచ్చేయవచ్చు. మిగతావాళ్ళను అడగనక్కర్లేదు. ప్రభుత్వం తెచ్చిన బిల్లు. మావయ్య కూర్చున్నది కూడా ప్రభుత్వం వైపే.

నాన్నకు ఆ బిల్లు కావాలి. ఆయన్ని దుర్మార్గుడని అనుకోకండి. అంతకు ముందు ఏడాదే మా పిన్ని కాన్పు కష్టమై, ఆసుపత్రికి తీసుకెళ్ళే దారిలేక, నాన్న ఒళ్ళోనే కన్నుమూసింది. ఒక కంపెనీ వచ్చి, మా ఒడ్డున హోటలు కట్టుకోనిస్తే రేవు కట్టిస్తాం, రోడ్డు వేయిస్తాం అంది. ఆ రోడ్డు మీద నాన్న ప్రాణం పెట్టుకున్నాడు.

ఓటింగు రోజున ఊరంతా మా ఇంట్లో రేడియో చుట్టూ చేరింది. మావయ్య పేరు పిలిచారు. కాసేపు ఏమీ వినపడలేదు. రేడియో పాడైందేమోనని నాన్న దాన్ని ఒక చరుపు చరిచాడు. అప్పుడు ఆ చిన్న గొంతు వినిపించింది.

"అయ్యా, నాది ఒకటే ప్రశ్న. సంతకం పెట్టిన చెయ్యి చచ్చిపోయాక, అప్పుడు పుట్టిన పిల్ల నా నేల ఏదీ అని అడిగితే, ఎవరు జవాబు చెప్తారు?"

ఆ తరవాత ఏవో అడుగుల చప్పుళ్ళు, కుర్చీ లాగిన చప్పుడు. ఆయన తన చోటునుంచి లేచి, సభ మధ్యగా నడిచి, ప్రతిపక్షం వైపు వెళ్ళి కూర్చున్నాడని తరవాత తెలిసింది. ఆ బిల్లుకు ప్రతిపక్షంవాళ్ళు కూడా సగంమంది చెయ్యెత్తారు.

నాన్న రేడియో కట్టేశాడు. ఎవరివైపూ చూడలేదు.

ఆ శనివారం పెద్దల సభ మావయ్యను పిలిచింది. ఊరి మాట మీరినందుకు పది పందులు, వంద పెట్టెల చేపల డబ్బాలు జరిమానా. మాట వెనక్కి తీసుకోవాలి. మావయ్య జరిమానా మొత్తం తెచ్చి సభ ముందు పెట్టాడు. బంధువులందరి దగ్గరా చేయిచాచి తెచ్చినవే. తల వంచి కూర్చున్నాడు.

"ఊరి మాట కాదన్నాను, అది తప్పే. అందుకు జరిమానా కట్టాను" అన్నాడు. "కాని నేనడిగిన ప్రశ్న తప్పు కాదు. దాన్ని వెనక్కి తీసుకోను."

"పందులిచ్చి పొగరు కొనుక్కుంటావేంట్రా?" అన్నాడు ఒక ముసలాయన.

"పందులు మీకోసం తాతా. ప్రశ్న మీ మనవలకోసం."

సభలో పెద్దలు తాగే కావా వేళ్ళ రసం గిన్నెను నాన్న తన ముందునుంచి పక్కకు జరిపాడు. తరవాత తీర్పు చెప్పాడు. సూర్యుడు కుంకేలోగా మౌగాటై పెనాయియా ఊరు విడవాలి. వైటోఫా నేలమీద గాని, పగడాల గట్టుకు లోపలున్న నీళ్ళలో గాని అడుగు పెట్టకూడదు. అతనికి చోటిచ్చినవాళ్ళకూ అదే శిక్ష.

నాకప్పుడు ఇరవై ఒకటి. మా ఊరి బడిలోనే పంతులమ్మను. అత్తయ్య గిన్నెలు మూట కడుతుంటే నేను సాయం చేశాను. పడుచువాళ్ళు వచ్చి మావయ్య పెరట్లోని చామమొక్కలన్నీ పీకి పోశారు. వాళ్ళలో ఇద్దరు ఆయన పెంచినవాళ్ళే, ఏడుస్తూనే పీకారు. "వేళ్ళు తెగకుండా పీకండర్రా, ఎవరైనా మళ్ళీ నాటుకోవచ్చు" అన్నాడు మావయ్య.

మా దీవుల్లో అక్కా తమ్ముళ్ళ బంధం మొగుడూ పెళ్ళాల బంధం కంటే పాతది. అక్క కంటతడి పెడితే తమ్ముడి వంశం ఎండిపోతుందంటారు. మా అమ్మ ఫువాటినో ఆ సాయంత్రం కంటతడి పెట్టలేదు. నాన్నకు అన్నం పెట్టింది. సీమపనసకాయ ఒలిచి, కొబ్బరిపాలు పోసి, ఈగలు తోలుతూ పక్కనే కూర్చుంది. నాన్న తినడం అయ్యాక అంది.

"మీరు నా భర్త. వాడు నా తమ్ముడు. మిమ్మల్ని వదలను, వాణ్ణీ వదలను. ఎలాగో మీరూ ఆలోచించుకోండి, నేనూ ఆలోచిస్తాను."

మావయ్య పక్క దీవిలోని రాజధాని ఆపియాలో దూరపు బంధువు ఇంటివెనక రేకుల పాకలో ఉన్నాడు. అక్కణ్ణించే రోజూ పార్లమెంటుకు నడిచి వెళ్ళేవాడు. బిల్లు ఎప్పుడో చట్టమైపోయింది. అయినా సభ కూడిన ప్రతిసారీ లేచి అదే ప్రశ్న అడిగేవాడు. "మళ్ళీ మొదలెట్టాడ్రా దోమ" అనేవారట మంత్రులు. దోమ అనే పేరు దేశమంతా పాకింది.

అంతలో ఇంకో మార్పు వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చిన ఇరవై ఎనిమిదేళ్ళకి, ఇరవై ఒకటి దాటిన ప్రతి మనిషికీ ఓటు ఇచ్చారు. ఆడవాళ్ళకి, బిరుదు లేనివాళ్ళకి, అందరికీ. మా పెద్దలు నవ్వుకున్నారు. "ఏముంది, ముప్ఫై తొమ్మిది ఓట్ల చోట మూడువందల అరవై లెక్కపెట్టాలి, అంతే తేడా. ఇంటాయన చెప్పినవాడికేగా వేస్తారు" అన్నారు. ఊరి అభ్యర్థిగా ఈసారి నాన్నే నిలబడ్డాడు.

ఎదురు నిలబడింది మావయ్య. ఊళ్ళో అడుగు పెట్టకూడని మనిషి ఊరి ఓటు ఎలా అడుగుతాడని అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కాకపోతే బాధతో.

మా ఒడ్డునుంచి పగడాల గట్టు అర మైలు దూరం. దాని లోపల నీళ్ళు కుంటలా ఉంటాయి. గట్టు అవతల అసలు సముద్రం, అక్కడ అలలు గట్టును కొడుతూ రాత్రింబవళ్ళు గర్జిస్తుంటాయి. నీరు తీసినప్పుడు గట్టు పైకి తేలుతుంది. అప్పుడు ఆడవాళ్ళందరం బుట్టలు పట్టుకుని నడిచి వెళ్ళి పీతలూ ఆల్చిప్పలూ ఏరుకుంటాం. అది ఆడవాళ్ళ చోటు. మగవాళ్ళు అటు రారు.

ఎన్నికలకు నెల ఉందనగా ఒక పొద్దున మేం గట్టుమీద ఉన్నాం. అలల అవతల ఒక దోనె పైకీ కిందికీ ఊగుతూ కనిపించింది. తెడ్డు వేస్తున్నది పక్కూరి ముసలి జాలరి. ముందు కూర్చున్నది మావయ్య. ఆదివారం చర్చికి వేసుకునే తెల్ల చొక్కా వేసుకున్నాడు. మెడకు టై కూడా ఉంది.

ఆడవాళ్ళందరూ తలలు దించేసుకున్నారు. చూస్తే తప్పు, మాట్లాడితే శిక్ష.

మావయ్య ఏదో అన్నాడు. అలల హోరులో ఏమీ వినపడలేదు. మళ్ళీ అన్నాడు. ఉన్నట్టుండి దోనె అంచుమీద వంగి భళ్ళున కక్కుకున్నాడు. ఆయనకు చిన్నప్పటినుంచీ సముద్రం పడదు. మూతి తుడుచుకుని, టై సర్దుకుని, మళ్ళీ మొదలుపెట్టాడు.

మా అమ్మ బుట్ట కింద పెట్టింది. గట్టు చివరిదాకా నడిచింది. అలలు ఆమె నడుముదాకా ఎగిరిపడుతున్నాయి.

"ఒరేయ్ పెనాయియా! ఏమంటున్నావు?"

మావయ్య చెప్పాడు. అమ్మ వెనక్కి తిరిగింది. మా అమ్మ చర్చిలో పాట ఎత్తుకుంటే పక్క ఊరి కుక్కలు మొరుగుతాయని నాన్నే వేళాకోళం చేసేవాడు. ఆ గొంతుతో అంది.

"మీ అందరికీ దణ్ణాలంటున్నాడు! కక్కుకున్నందుకు క్షమించమంటున్నాడు!"

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తరవాత గట్టు గట్టంతా నవ్వింది. ఆ నవ్వుతో భయం సగం కొట్టుకుపోయింది.

ఆ రోజునుంచి పక్కూళ్ళో జాలరి ఇంట్లో ఉంటూ, నీరు తీసిన ప్రతి పూటా ఆయన వచ్చాడు. ఆయన ఒక మాట అనడం, అమ్మ దాన్ని పెద్దగా తిరిగి చెప్పడం. ఆడవాళ్ళు పీతలు ఏరుతున్నట్టే ఏరుతూ వినడం. ఆయన తిట్టింది ఎవర్నీ లేదు. మా నాన్నను ఒక్క మాట అనలేదు. ఏ ఇంటి నేల ఎక్కణ్ణించి ఎక్కడిదాకానో చెప్పేవాడు. ఒక్కొక్కరినీ పేరుతో పిలిచి, "మీ ముత్తవ్వ ఆ నీటిబుగ్గ పక్క మడి ఎలా సంపాదించిందో తెలుసా?" అని మొదలుపెట్టేవాడు. మా ఇళ్ళలో మాకే తెలియని కథలు అవి. చివర అదే ప్రశ్న అడిగేవాడు.

"రోడ్డు సంగతేంటి?" అని అడిగింది ఒకామె. ఆమె కూడా కాన్పులో కూతుర్ని పోగొట్టుకున్నదే.

మావయ్య రెండు చేతులతో దోనె అంచు పట్టుకుని ఆమెవైపు తిరిగాడు. దోనె ఊగుతోంది.

"రోడ్డు కావాలమ్మా. తప్పకుండా కావాలి. దానికోసం పోట్లాడతాను, తెస్తానని మాత్రం ఒట్టు వేయలేను" అన్నాడు. అమ్మ ఆ మాటను ఉన్నదున్నట్టే చెప్పింది. దేశంలో ఏ అభ్యర్థీ అలా అనగా నేను వినలేదు.

సాయంత్రాలు ఇంట్లో నాన్న అమ్మను అడిగేవాడు. "ఇవాళ పీతలు ఏవైనా దొరికాయా?"

"దొరికాయి. బాగా మాట్లాడే పీతలు" అనేది అమ్మ.

గట్టుకు అవతలి నీళ్ళు తీర్పులో లేవు. గట్టుమీద ఆడవాళ్ళు ఎవరి మాట వినాలో కూడా తీర్పులో లేదు. తీర్పు చెప్పింది తనే కనక నాన్న ఏమీ అనలేకపోయాడు.

ఎన్నికలకు నాలుగు రోజులుందనగా గాలి మారింది. రావద్దని అమ్మ చేతులూపుతూనే ఉంది. ఒక పెద్ద అల దోనెను ఎత్తి తలకిందులు చేసింది. మావయ్య గట్టు అంచుకు వచ్చి కొట్టుకున్నాడు. పగడాలు కత్తుల్లాంటివి. తెల్ల చొక్కా వీపు మీద ఎర్రగా విచ్చుకుంది.

నేను పరుగెత్తి ఆయన మణికట్టు పట్టుకున్నాను. ఇంకో ముగ్గురు వచ్చి భుజాలు పట్టుకున్నారు. ఒక్క గుంజు గుంజితే గట్టుమీద ఉంటాడు.

"లాగొద్దే లితియా" అన్నాడు. మూతికి రెండంగుళాల దూరంలో ఉన్నాను కాబట్టి వినపడింది. "గట్టెక్కితే మీ ఊళ్ళో అడుగు పెట్టినట్టే. నా శిక్ష మీ అందరికీ పడుతుంది. పట్టుకోండి చాలు. లాగొద్దు."

"చచ్చిపోతారు మావయ్యా!"

"పట్టుకో."

ప్రతి అలా ఆయన్ని ఎత్తి గట్టుకేసి కొడుతోంది. ప్రతిసారీ ఆయన పళ్ళు బిగించి, కాళ్ళతో గట్టును తన్ని, వెనక్కి నీళ్ళలోకే జరుగుతున్నాడు. ముసలి జాలరి దోనెను తిప్పి, నీళ్ళు తోడి దగ్గరికి తెచ్చేదాకా అలాగే పట్టుకుని ఉన్నాం. ఎంతసేపో నాకు తెలియదు. పక్కన అమ్మ మోకాళ్ళమీద కూర్చుని, ఆయన తలకింద తన అరచేయి పెట్టి ఉంచింది, పగడానికి తగలకుండా. ఆ రోజు మొట్టమొదటిసారి అమ్మ ఏడవడం చూశాను. ఎదిగిన మనిషి ఒక మాటకోసం అలా నీళ్ళలో ఉండగలడని నేను కళ్ళారా చూడకపోతే నమ్మేదాన్ని కాను.

దోనె ఎక్కాక ఆయన మా అందరికీ చేతులు జోడించాడు. ఆ రోజు ప్రసంగం ఏమీ లేదు.

ఇంటికొచ్చాక అమ్మ అరచేతిలో గాట్లు చూసి నాన్న ఏమిటని అడిగాడు. అమ్మ జరిగింది చెప్పింది. "గట్టెక్కలేదా?" అన్నాడు నాన్న. "ఎక్కలేదు" అంది అమ్మ. నాన్న ఆ పూట అన్నం ముట్టలేదు.

ఓట్లు లెక్కపెట్టారు. మావయ్య పదకొండు ఓట్ల తేడాతో గెలిచాడు.

"ఆ పదకొండులో ఈ ఇంట్లోవి ఎన్ని?" అన్నాడు నాన్న, అమ్మనూ నన్నూ మార్చి మార్చి చూస్తూ.

"అది అడక్కూడదు" అంది అమ్మ. "చట్టం మీరు చదవలేదా?"

గెలిచినా తీర్పు తీర్పే. సొంత ఊళ్ళో కాలు పెట్టలేని సభ్యుడు ఆయన. రెండేళ్ళపాటు గట్టుమీదే మా కచేరీ నడిచింది. బడి కప్పు అర్జీలు, ముసలివాళ్ళ పింఛను కాగితాలు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి అలలమీదుగా విసిరేవాళ్ళం. సంతకాలై తిరిగి వచ్చేవి. మధ్యలో ప్రభుత్వం ఆయనకు మంత్రి పదవి ఇస్తామంది. అటువైపు వచ్చేస్తే చాలట. "ఇప్పటికే ఒకసారి నడిచాను, మోకాళ్ళు నొప్పి" అన్నాడట.

మూడో ఏడు కంపెనీవాళ్ళు వచ్చారు. చట్టం వచ్చాక నాన్న సంతకం చేసిన కాగితం ప్రకారం కర్రలు పాతారు, కంచె వేశారు. గట్టుకు వెళ్ళే ఆడవాళ్ళ దారి కంచె లోపలికి పోయింది. మా పిన్ని సమాధి కూడా పోయింది. నాన్న పరుగున వెళ్ళి అడిగాడు. వాళ్ళు మర్యాదగా ఆయన సంతకమే ఆయనకు చూపించారు. రేవు ఎప్పుడు కడతారని అడిగితే, కాగితంలో రేవు లేదన్నారు. నోటిమాటగా చెప్పినవి కాగితంలోకి ఎక్కలేదు.

నాన్న ఇంటికొచ్చి పెట్టె తెరిచాడు. మా నానమ్మ ఎనిమిదేళ్ళు అల్లిన సన్నచాప బయటికి తీశాడు. పట్టులా జారే ఆ చాపకంటే విలువైనది మా ఇంట్లో లేదు.

"రేపు నీరు ఎప్పుడు తీస్తుంది?" అని అమ్మను అడిగాడు.

మరునాడు పొద్దున, వైటోఫా పెద్దలందరిలోకీ పెద్ద, ఆడవాళ్ళ వెనక, కంచె చుట్టూ తిరిగి, బుట్ట లేకుండా గట్టుకు నడిచాడు. మా చరిత్రలో అలాంటిది జరగలేదు. దోనె కనిపించగానే ఆయన గట్టు చివర మోకాళ్ళమీద కూర్చుని, సన్నచాప తలమీదుగా కప్పుకున్నాడు. మా దగ్గర ప్రాణం తీసినవాడి బంధువులు, ప్రాణం పోయినవాళ్ళ ఇంటిముందు అలా కూర్చుంటారు. చంపుతావో, క్షమిస్తావో నీ ఇష్టం అని దాని అర్థం. కొందరు పొద్దుగూకేదాకా అలాగే కూర్చోబెడతారు.

ఆడవాళ్ళం అందరం బుట్టలు దించి వెనక్కి జరిగాం.

దోనె ఇంకా ఆగకముందే మావయ్య నీళ్ళలోకి దూకాడు. గట్టు అంచు పట్టుకుని ఆగాడు.

"బావా! ఎక్కమంటావా?"

చాప కిందనుంచి నాన్న గొంతు వచ్చింది. "ఎక్కరా. తీర్పు నాది. తీసేస్తున్నాను. ఎక్కు."

మావయ్య గట్టెక్కాడు. వచ్చి రెండు చేతులతో చాప ఎత్తాడు.

"లే బావా. చాప తడిసిపోతోంది. మీ అమ్మ చూస్తే మనిద్దర్నీ తంతుంది."

మావయ్య ఆయన చంకల కింద చేతులేసి లేపాడు. తనకంటే రెండింతలున్న మనిషిని. ఇద్దరూ ఒడ్డుకేసి నడిచారు. లోపలి నీళ్ళు మోకాలి లోతున అద్దంలా ఉన్నాయి. అయిదేళ్ళ తరవాత మావయ్య ఊళ్ళో అడుగుపెడుతుంటే ఒడ్డున పిల్లాజెల్లా చేరారు. దేవుడి ఎదుట నిలబడినట్టు నిలబడ్డారంతే.

ఆ కంచె పూర్తిగా పోలేదు. అరవై ఏళ్ళ కాగితం అది. సమాధి, ఆడవాళ్ళ దారి మాత్రం నాలుగేళ్ళు పోట్లాడి విడిపించుకున్నాం. రోడ్డు ఇంకా ఆలస్యంగా వచ్చింది.

చట్టం మారడానికి పదకొండేళ్ళు పట్టింది. మావయ్య ఆ పదకొండేళ్ళూ ప్రతిపక్షంలోనే ఉన్నాడు. మారింది ఒక్క వాక్యం. హక్కున్న వాళ్ళందరూ ఒప్పుకుంటేనే కౌలు చెల్లుతుందని. ఆ రోజు నేను ఆపియా వెళ్ళి సందర్శకుల వరసలో కూర్చున్నాను. మంత్రి లేచి ఆ వాక్యాన్ని తన ఆలోచనగా చదివాడు. మా ప్రభుత్వ దూరదృష్టి అన్నాడు. మావయ్య పేరు ఒక్కసారి కూడా తలవలేదు. మావయ్య అందరితోపాటు చెయ్యెత్తాడు.

బయటికొచ్చాక నాకు కోపం ఆగలేదు. "ఒక్క మాట అనొచ్చుగా మావయ్యా! అది మీ ప్రశ్న అని!"

"నాదంటే ఎవడు ఓటేస్తాడే?" అన్నాడు. "వాడు తనది అనుకుని మోసుకెళ్ళాడు. మంచిదేగా."

"మరి రేపణ్ణించి ఏం అడుగుతారు?"

"ఆసుపత్రుల్లో మంత్రసానులు చాలడం లేదు" అన్నాడు, చంకలోని కాగితాలు సర్దుకుంటూ. "పద, పడవ వెళ్ళిపోతుంది. బావకి రొట్టె కొనాలి, వేడివేడిది తేకపోతే తిడతాడు."

రేవుకు వెళ్ళే బస్సు నిండిపోయింది. డ్రైవరు ఆయన్ని గుర్తుపట్టి, ముందు సీటులో ఉన్నవాణ్ణి లేవమన్నాడు. మావయ్య వద్దని చెప్పి, కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. ఆ పొట్టి మనిషి చుట్టూ జనం తమంతట తామే కొంచెం జరిగి, ఊపిరాడేంత చోటు వదిలారు.